పొలం అక్కడే ఉంది, పాసుబుక్కులోనే తేడా: లినక్స్ ఎక్కించేటప్పుడు వచ్చే పార్టిషన్ తంటాలు

ఏటా కాలేజీలు తెరిచిన రెండు నెలలకు మా షాపులో ఒకే రకం గిరాకీ మొదలవుతుంది. అనంతపురం చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ రాగానే పిల్లలు హాస్టల్ గదిలో కూర్చుని సొంత ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కనే ఉబుంటు అనే రకం లినక్స్ ఎక్కించబోతారు, సగంలో ఇరుక్కుంటారు. మూత వేస్తే ఏమవుతుందోనని భయం. తెరిచిన ల్యాప్‌టాప్‌ను చంటిపిల్లను మోసినట్టు రెండు చేతుల్లో పట్టుకుని కమలానగర్‌లో మా మెట్లెక్కుతారు.

మొన్న వచ్చిన పిల్లోడిది రాయదుర్గం. "అన్నా, దీంట్లో డిస్కే లేదంటాంది" అన్నాడు. చూస్తే నిజమే. ఇన్‌స్టాలర్ జాబితాలో వాడు తెచ్చిన 16 జీబీ పెన్‌డ్రైవ్ తప్ప ఇంకేమీ లేదు.

"విండోస్ వస్తాందా?"

"బ్రహ్మాండంగా వస్తాందన్నా."

మరి డిస్కే లేకపోతే విండోస్ ఎక్కణ్ణుంచి వస్తోంది?

పార్టిషన్ అంటే డిస్కులో విడదీసిన వాటా. ఆ గొడవల్లో చాలావాటికి ఇలాంటి ప్రశ్నే మొదలు. జాగా ఉంటుంది, డిస్కు బాగుంటుంది, తేడా అంతా రికార్డులో ఉంటుంది. మన వైపు పొలం తగాదాలు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. అడంగల్‌లో ఒక లెక్క, ఎఫ్ఎంబీ అనే సర్వే పటంలో ఇంకో లెక్క, గట్టు మీద హద్దురాయి వేరే చోట. నేల మాత్రం కదలదు. డిస్కు మొదట్లో కూడా "ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా ఫలానావాడిది" అని రాసుకున్న చిన్న పట్టిక ఉంటుంది. అదే పార్టిషన్ టేబుల్. రిజిస్ట్రారాఫీసులో భాగపరిష్కార దస్తావేజు ఏం చేస్తుందో ఇక్కడ అది ఆ పని చేస్తుంది. దాన్ని బయోస్ (మెషీన్ లేవగానే ముందు నడిచే ప్రోగ్రాం) ఒకలా, విండోస్ ఒకలా, లినక్స్ ఇన్‌స్టాలర్ ఇంకోలా చదివితే తంటా మొదలవుతుంది. అందుకే నేను మౌసు ముట్టుకునే ముందు రెండు విషయాలు చూసుకుంటాను: పట్టికలో ఏం రాసుంది, దాన్ని ఎవరు ఎలా చదువుతున్నారు.

ముందు రాయదుర్గం పిల్లోడి సంగతి. వాడి డిస్కులో పట్టిక శుభ్రంగా ఉంది. దాని దాకా పోయే దారి మూసుకుపోయింది. కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు కొన్నప్పుడే బయోస్‌లో స్టోరేజి మోడ్ ఆర్‌ఎస్‌టీ అనో రెయిడ్ అనో పెట్టి వస్తాయి. అప్పుడు ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, అంటే లోపలున్న డిస్కు, నేరుగా బయటికి కనపడదు, ఇంటెల్ కంట్రోలర్ చాటున ఉంటుంది. విండోస్ దగ్గర దానికి డ్రైవర్ ఉంది కాబట్టి దానికి డిస్కు కనపడుతుంది. లినక్స్‌కి కనపడదు. 11వ తరం ప్రాసెసర్ల నుంచి ఇదే ఏర్పాటు వీఎండీ అన్న పేరుతో వస్తోంది. దానికి లినక్స్ కెర్నెల్లో (దాని గుండెకాయలో) డ్రైవర్ ఉంది కాబట్టి కొత్త డిస్ట్రో (లినక్స్ రకం) అయితే చాలాసార్లు గొడవ ఉండదు. సీనియర్ పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న పాత ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) అయితే తంటానే.

మందు చిన్నదే. బయోస్‌లో ఆ మోడ్‌ని డిస్కు నేరుగా కనపడే ఏహెచ్‌సీఐకి మార్చాలి, లేదా వీఎండీ ఆపాలి. కానీ గబుక్కున పోయి మార్చేస్తే విండోస్ నీలం తెర వేసి, 'ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్' అంటుంది. లేచేటప్పుడు వాడాల్సిన ఏహెచ్‌సీఐ డ్రైవర్ అప్పటికి దానికి సిద్ధంగా ఉండదు. పైగా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి మనం అడగకుండానే డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్కులో డేటాకు వేసే తాళం) ఆన్ అయి ఉంటుంది, బిట్‌లాకర్ తమ్ముడే అది. బయోస్‌లో చెయ్యి పెట్టగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్లో ఉంటుంది. ఆ అకౌంట్ ఎవరిది? కొన్నరోజు షాపులో కుర్రాడు ఏదో మెయిల్ పెట్టి తెరిచాడు, పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు. ఈ మాట వారానికి ఒకసారైనా వింటాను.

అందుకని వరస ముఖ్యం. ముందు రికవరీ కీ తీసి కాగితం మీద రాసుకోవాలి, ఆ ల్యాప్‌టాప్‌లోనే నోట్‌ప్యాడ్‌లో కాదు. తర్వాత విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్‌కి టిక్ పెట్టాలి. రీస్టార్ట్ చేసి, విండోస్‌లోకి పోనీకుండా నేరుగా బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐ పెట్టాలి. ఈసారి విండోస్ సేఫ్ మోడ్‌లో లేస్తుంది, ఆ లేవడంలోనే కొత్త డ్రైవర్ సర్దుకుంటుంది. టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేస్తే అంతా మామూలే. ఒక జాగ్రత్త: సేఫ్ మోడ్‌లో నాలుగంకెల పిన్ కొన్నిసార్లు పనిచేయదు, అసలు పాస్‌వర్డ్ అడుగుతుంది. అది తెలియకుండా మొదలుపెట్టొద్దు.

ఇప్పుడు పాత డెస్క్‌టాప్‌ల కథ. జిరాక్స్ సెంటర్లలో, మీసేవ పక్కన టైపింగ్ షాపుల్లో ఇంకా ఉన్నాయి ఇవి. వాటిలో పట్టిక ఎంబీఆర్ పద్ధతిలో ఉంటుంది. 1983లో హార్డ్ డిస్కుల కోసం పీసీ డాస్ 2.0తో వచ్చిన పద్ధతి అది. డిస్కులో మొట్టమొదటి సెక్టార్ 512 బైట్లు. అందులో 446 బైట్లు బూట్ కోడ్‌కి, చివరి 2 బైట్లు గుర్తుకి పోతే, పట్టికకు మిగిలింది 64 బైట్లు. ఒక్కో పార్టిషన్ వివరానికి 16 బైట్లు కావాలి. 64లో 16 ఎన్నిసార్లు పోతుంది? నాలుగుసార్లు. ఎంబీఆర్‌లో నాలుగే ప్రైమరీ పార్టిషన్లు ఎందుకంటే ఇంతే కారణం. పాత పాసుబుక్కులో నాలుగే గళ్లున్నాయి, ఐదో సర్వే నంబరు రాయడానికి చోటు లేదు.

తర్వాత దీనికో ఉపాయం కనిపెట్టారు. నాలుగు గళ్లలో ఒకదాన్ని ఎక్స్‌టెండెడ్ అని రాసి, దాని లోపల లాజికల్ పార్టిషన్లు ఒకదాని వెనక ఒకటి గొలుసుగా పెట్టారు. సర్వే నంబరును సబ్‌డివిజన్ చేసినట్టు. లినక్స్‌లో లాజికల్ పార్టిషన్ల నంబర్లు ఎప్పుడూ 5 నుంచే మొదలవుతాయి, ప్రైమరీ ఒక్కటే ఉన్నా సరే మొదటి నాలుగు నంబర్లూ ఆ నాలుగు గళ్లకే కేటాయింపు.

అసలు చిక్కు ఎక్కడొస్తుందంటే, విండోస్ వేసినవాడు సీ, డీ, 'ఈ' అనే మూడు డ్రైవులూ ప్రైమరీలుగా చేసి ఉంటాడు. విండోస్ తనకోసం సిస్టమ్ రిజర్వ్‌డ్ అని చిన్నది ఒకటి పెట్టుకుని ఉంటుంది. నాలుగూ అయిపోయాయి. మీరు డీ డ్రైవును కుదించి 200 జీబీ ఖాళీ చేస్తారు. ఉబుంటు పాత ఇన్‌స్టాలర్ ఆ ఖాళీ పక్కన 'అన్‌యూజబుల్' అని రాస్తుంది. జాగా కళ్ల ముందే ఉంది, పట్టికలో ఎక్కించడానికి గడి లేదు.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఇంకోటుంది. ఆ ఖాళీలో విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్ నుంచే కొత్త పార్టిషన్ చేయబోతారు. అది మర్యాదగా "డిస్కును డైనమిక్‌గా మార్చమంటారా?" అని అడుగుతుంది. ఎస్ నొక్కుతారు. ఎర్ర గుర్తు లేదు, సైరన్ లేదు, కాబట్టి ఎస్ నొక్కుతారు! అక్కణ్ణుంచి అసలు లెక్కంతా డిస్కు చివర విండోస్ సొంత డేటాబేసులోకి పోతుంది, మొదట్లో ఉన్న పట్టిక ఉత్త బోర్డు అవుతుంది. లినక్స్ ఇన్‌స్టాలర్లకు ఆ భాష రాదు. వెనక్కి బేసిక్‌కి రావాలంటే విండోస్ ఇచ్చే దారి ఒక్కటే, అన్ని వాల్యూములూ (దానిలోని పార్టిషన్లు) తీసేయడం. వెనక్కి తెస్తామనే టూల్స్ బయట దొరుకుతాయి. నేనైతే నమ్మను. డేటా వేరే డిస్కులోకి కాపీ చేసి, మొత్తం తుడిచి మొదటి నుంచి వేస్తాను.

డైనమిక్ దాకా పోకపోతే పరిష్కారం తేలికే. 'ఈ' డ్రైవులో ఉన్నవి డీలోకి సర్ది, 'ఈ'ని తీసేసి, ఆ చోట ఎక్స్‌టెండెడ్ చేసి, లోపల లినక్స్ వేసుకోవచ్చు. విండోస్ 10లో 2017 నుంచి ఎంబీఆర్‌టుజీపీటీ అనే టూల్ కూడా ఉంది. డేటా పోకుండా పట్టికను కొత్త పద్ధతికి మారుస్తుంది. కానీ ప్రైమరీలు మూడుకు మించి ఉన్నా, లోపల లాజికల్ ఒక్కటి ఉన్నా అది చెయ్యనంటుంది. అంటే నాలుగు గళ్లూ నిండినవాడికి, అంటే సరిగ్గా అవసరమున్నవాడికి, అది నేరుగా పనికిరాదు.

ఆ కొత్త పద్ధతే జీపీటీ. ఇందులో మామూలుగా 128 గళ్లు. పట్టిక ముందొకటి, దాని నకలు డిస్కు చివర ఇంకోటి. పట్టికలో ఏదైనా చెడితే తెలిసేలా చెక్‌సమ్ కూడా ఉంటుంది. రెండు టీబీలు దాటిన డిస్కు మొత్తం వాడుకోవాలంటే ఇదే దిక్కు, ఎంబీఆర్ లెక్క 512 బైట్ల సెక్టార్లతో అక్కడికే ఆగిపోతుంది.

నకలు ఉండడం మంచిదే, కానీ రెండు కాగితాలున్న చోట తేడాలూ ఉంటాయి. ఒకప్పుడు జీపీటీగా ఉన్న డిస్కును ఎవరో పాత టూల్‌తో ఎంబీఆర్ చేస్తారు. ముందు పట్టిక మారుతుంది, చివర నకలు అలాగే మిగిలిపోతుంది. తర్వాత వచ్చిన ఇన్‌స్టాలర్ రెండూ చూసి తికమకపడి, డిస్కు మొత్తం ఖాళీ అని చూపించవచ్చు. పట్టికలో రెండు పార్టిషన్ల హద్దులు ఒకదానిమీద ఒకటి ఎక్కినా అదే ఫలితం: ఇన్‌స్టాలర్ పట్టిక మొత్తాన్నే కొట్టేసి "ఏమీ లేదు" అంటుంది. డిస్కు నిండా డేటా ఉందని మీకు తెలుసు, తెర మీద మాత్రం ఒకే పొడుగాటి బూడిదరంగు పట్టీ. ఆ క్షణంలో 'న్యూ పార్టిషన్ టేబుల్' బటన్ నొక్కితే తలనొప్పి తప్పించుకుందామని పోయి తల పోగొట్టుకున్నట్టే. పాత జీపీటీ మిగులును మాత్రమే తీసేయడానికి ఫిక్స్‌పార్ట్స్ అనే చిన్న టూల్ ఉంది, పాడైన జీపీటీని సరిచేయడానికి జీడిస్క్ ఉంది. పట్టిక నిజంగానే చెరిగిపోతే టెస్ట్‌డిస్క్ డిస్కంతా వెతికి పాత హద్దులు పట్టుకుంటుంది. ఏది వాడినా అప్పటిదాకా ఆ డిస్కు మీద ఒక్క ఫైలు కూడా కొత్తగా రాయకూడదు.

చిన్న ఎస్‌ఎస్‌డీని పెద్దదానిలోకి క్లోన్ చేసినప్పుడు మాత్రం ఇలాంటి హెచ్చరిక వస్తే భయపడక్కర్లేదు. పాత డిస్కు చివరనున్న నకలు కొత్త డిస్కు మధ్యలో పడిందన్నమాట. పార్టెడ్ అనే పార్టిషన్ టూల్ "ఫిక్స్ చేయమంటావా?" అంటే చేయమనండి.

బూట్ మోడ్ గురించి రెండు మాటలు. బూట్ మెనూలో మీ పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనపడొచ్చు, ఒకటి ముందు యూఈఎఫ్ఐ (బయోస్‌కి కొత్త రూపం) అని ఉండి, ఇంకోటి లేకుండా. విండోస్ ఏ మోడ్‌లో ఉందో అదే మోడ్‌లో లినక్స్ పెన్‌డ్రైవ్ కూడా లేపాలి. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే బయోస్ మోడ్ అన్న వరసలో యూఈఎఫ్ఐనో లెగసీ (పాత పద్ధతి) అనో రాసి ఉంటుంది. మోడ్ కలవకపోతే ఇన్‌స్టాల్ చివరిదాకా హాయిగా పోయి, లినక్స్‌ను లేపే గ్రబ్ అనే ప్రోగ్రాం దగ్గర పడిపోతుంది. జీపీటీ డిస్కు మీద లెగసీలో గ్రబ్ వేయాలంటే ఒక ఎంబీ అంత చిన్న బయోస్ బూట్ పార్టిషన్ వేరే కావాలి మరి. యూఈఎఫ్ఐ అయితే ఆ గొడవ లేదు, ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌లో ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్ విండోస్‌ది ఉండనే ఉంటుంది. 100 ఎంబీయే ఉన్నా ఇద్దరికీ చాలుతుంది. దానికి ఫార్మాట్ టిక్ మాత్రం పెట్టకండి. పెడితే విండోస్ లేచే ఫైళ్లు పోతాయి.

ఇక కుదించడం. సీ డ్రైవులో 200 జీబీ ఖాళీ ఉన్నా, విండోస్ "3 జీబీ మాత్రమే తగ్గించగలను" అంటుంది. అబద్ధం కాదు. పేజ్‌ఫైలు, హైబర్నేషన్ ఫైలు, సిస్టమ్ రిస్టోర్ నకళ్లు వాడకంలో ఉండగా కదలవు. వాటిలో ఒకటి పార్టిషన్ చివరి దాకా పోయి కూర్చుంటే దాన్ని దాటి కుదించలేదు. బస్సులో సీట్లన్నీ ఖాళీగా ఉన్నా వెనక సీట్లో ఒకాయన నిద్రపోతుంటే ఆ సీటు ఊడదీయలేం కదా. ఆ మూడూ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి కుదించి, మళ్లీ పెట్టుకుంటే సరిపోతుంది. అలాగే ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ అంటే పూర్తి షట్‌డౌన్ కాదు, సగం నిద్ర. ఆ స్థితిలో ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫార్మాట్) పార్టిషన్‌ను లినక్స్ చదవడానికే తెరుస్తుంది, రాయడానికి ఒప్పుకోదు, కుదించడానికి అసలే ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడమే మన అదృష్టం. విండోస్ పార్టిషన్‌ను విండోస్ నుంచే కుదించడం నా పద్ధతి. వచ్చిన ఖాళీని అలాగే వదిలేయాలి, దానికి ఎఫ్ అనో జీ అనో అక్షరం పెట్టి ఫార్మాట్ చేయక్కర్లేదు.

కుదించేటప్పుడు కుడి వైపు నుంచే కుదించండి. ఈ మాట నేను ఒక నష్టం చేసి నేర్చుకున్నాను. మా బావది ధర్మవరంలో చీరల వ్యాపారం. ఆయన ల్యాప్‌టాప్‌లో సీ నిండిపోయింది, డీలో బోలెడు ఖాళీ. పనిలో పనిగా లినక్స్ కూడా వేద్దామని పార్టిషన్లు మార్చే జీపార్టెడ్ అనే టూల్ తెరిచి, డీ ఎడమ అంచును కుడికి జరిపాను. కుడి అంచు జరిపితే పని నిమిషాల్లో అవుతుంది, చివర ఉన్నవాటిని ముందుకు సర్దితే చాలు. ఎడమ అంచు జరిపితే లోపలున్నదంతా కొత్త చోటికి ఒక్కొక్క బ్లాకూ కాపీ కావాలి. దాదాపు 180 జీబీ. తెర మీద రెండు గంటలకు పైనే చూపిస్తోంది. బ్యాటరీ చచ్చి ఏడాదైంది, ఎప్పుడూ చార్జర్ మీదే నడిచేది. నలభై నిమిషాలకు కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది, కానీ ఫ్యాన్‌కీ లైటుకీ మాత్రమే వైరు లాగారు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, తెర నల్లగా ఉంది. బావ "ఏమైంది బామ్మర్దీ?" అంటే, నాకు కాసేపు మాట రాలేదు.

సగం డేటా కొత్త చోట, సగం పాత చోట. టెస్ట్‌డిస్క్ హద్దులు చూపించింది గానీ లోపలి ఫోల్డర్ల లెక్క కలవలేదు. చివరికి ఫొటోరెక్ అనే టూల్ వాడి ఫైళ్ల ఆనవాళ్లను బట్టి ఫొటోలు ఏరాను. అది పేర్లు తేలేదు. ఏ మగ్గం మీద నేసిన చీర, ఎంత రేటు అని బావ పేరు పెట్టి దాచుకున్న ఫొటోలన్నీ ఎఫ్ అక్షరం పక్కన అంకెలతో తిరిగొచ్చాయి. ఆయన నెలరోజులు రాత్రిళ్లు కూర్చుని పేర్లు పెట్టుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు, అదే బాధ.

ఇంకొన్ని చిన్నవి. "మార్పులు రాశాం కానీ కెర్నెల్‌కు చెప్పలేకపోయాం" అన్న సందేశం వస్తే, ఆ డిస్కులో ఏదో పార్టిషన్ వాడకంలో ఉందని అర్థం. చాలాసార్లు పెన్‌డ్రైవ్ నుంచి లేచిన లినక్స్, డిస్కులో ఉన్న పాత స్వాప్‌ను (మెమరీ చాలనప్పుడు వాడే జాగాను) తనంతట తానే వాడుకుంటూ ఉంటుంది. జీపార్టెడ్‌లో తాళంచెవి బొమ్మ ఉన్న పార్టిషన్ మీద రైట్ క్లిక్ చేసి స్వాప్ ఆఫ్ చేస్తే తేలిపోతుంది. ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్లు వస్తే మాత్రం పార్టిషన్‌ను తిట్టకండి, డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్ట్ చూడండి. హార్డ్ డిస్కు అయితే 5, 197 నంబర్ల వరసల్లో అంకెలు పెరుగుతూ ఉన్నాయంటే డిస్కే పోతోంది.

లినక్స్ వద్దనుకుని విండోస్‌లోంచి దాని పార్టిషన్ తీసేసినవాళ్లకు మర్నాడు నల్ల తెర మీద 'గ్రబ్ రెస్క్యూ' అని వస్తుంది. గ్రబ్ తన మిగతా ఫైళ్లు ఆ తీసేసిన చోటే పెట్టుకుంది, అవి దొరక్క నిలబడిపోయింది. విండోస్‌కి ఏమీ కాలేదు. యూఈఎఫ్ఐ మెషీన్ అయితే బూట్ మెనూలో విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకుంటే లేస్తుంది.

ఎంబీఆర్ డిస్కులో ఐదో నంబరు పార్టిషన్ తీసేస్తే ఆరోది ఐదోదైపోవడం ఇంకో చిక్కు. రీసర్వే అయిన ఊళ్లలో సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం నంబర్లు వచ్చాక ఏది ఎవరిదో మళ్లీ వెతుక్కున్నారు కదా, అదే. అందుకే లినక్స్ ఇప్పుడు నంబరును కాక యూయూఐడీ అనే పొడుగాటి గుర్తును రాసుకుంటుంది. అయితే స్వాప్‌ను తీసేసి కొత్తగా చేస్తే ఆ గుర్తూ మారుతుంది. లేచేటప్పుడు ఏ పార్టిషన్లు వాడాలో రాసుకునే ఎఫ్‌స్టాబ్ ఫైలులో పాతది అలాగే ఉంటే, లేచే ప్రతిసారీ దానికోసం నిమిషంన్నర ఎదురుచూస్తుంది. ల్యాప్‌టాప్ స్లో అయిపోయిందని మెమరీ వేయించుకోవడానికి వచ్చినవాళ్లున్నారు.

రాయదుర్గం పిల్లోడి ల్యాప్‌టాప్‌లో ఏహెచ్‌సీఐ పెట్టాక ఉబుంటు లేపి, టెర్మినల్‌లో డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే అని ఐదక్షరాలు కొట్టాను. ఈసారి పెన్‌డ్రైవ్ కింద ఎన్‌వీఎంఈ అని మొదలయ్యే డిస్కు, దాని కింద నాలుగు పార్టిషన్లు వరసగా వచ్చాయి: ఈఎఫ్ఐ 100 ఎంబీ, మైక్రోసాఫ్ట్ రిజర్వ్‌డ్ 16 ఎంబీ, సీ, చివర రికవరీ. సీని విండోస్‌లోంచే 60 జీబీ తగ్గించాం. ఉబుంటు 25 జీబీ చాలంటుంది గానీ, ల్యాబ్ పనులు చేసే పిల్లలకు అది నాలుగు నెలల్లో నిండుతుంది. స్వాప్‌కి వేరే పార్టిషన్ పెట్టలేదు, 2017 నుంచి ఉబుంటు దాన్ని ఫైలుగానే పెట్టుకుంటోంది.

ఇన్‌స్టాల్ నడుస్తుంటే వాడు తెర మీది అంకెలనే చూస్తున్నాడు.

"అన్నా, 512 అని డబ్బులు తీసుకున్నారు. ఈడ 476 ఉందే?"

తయారుచేసేవాడు జీబీ అంటే వంద కోట్ల బైట్లు అని లెక్కేస్తాడు, ఇది 1024ను మూడుసార్లు హెచ్చవేసి లెక్కేస్తుంది అని చెప్పాను. ముఖం చూస్తే నమ్మినట్టు లేదు.

"మీ ఊళ్లో ఎకరాకు ఎన్ని సెంట్లు?"

"నూరు."

"హద్దు దాటి బళ్లారి వైపు పోతే?"

"గుంటలంటారు. నలభై."

"పొలం తగ్గిందా?"

నవ్వాడు. "లేదులే అన్నా. కానీ సెంట్లలో చెప్పి గుంటల్లో ఇచ్చినట్టుంది."